కింది పొర ఆరిందా?

"ఇంకో ఇరవై రోజుల్లో గృహప్రవేశం అండీ. హాల్లో సోఫా వెనకాల గోడకి పెద్ద బొమ్మ కావాలి. నాలుగు బై ఐదు. టెక్స్చర్ బాగా ఉండాలి, చేత్తో తడిమితే తెలియాలి."

రూపం లేని బొమ్మల్ని పొర మీద పొర వేసి, గరుకు తేల్చి, అమ్ముకుని బతికేవాళ్లందరికీ ఈ ఫోను ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఇరవై రోజులు అనగానే బోలెడంత సమయం ఉన్నట్టు అనిపిస్తుంది. చేతిలో పని లేని నెల అయితే మరీను. పన్నెండేళ్ల కిందట నేనూ సరేనన్నాను.

అది ఆగస్టు, హైదరాబాద్‌లో ముసురు పట్టిన వారం. కాన్వాస్ మీద మోడలింగ్ పేస్ట్‌ని వేలి మందాన పరిచాను. మూడో రోజు నొక్కి చూస్తే గట్టిగానే తగిలింది. రంగులు వేశాను. పద్నాలుగో రోజు వార్నిష్ కొట్టి, పద్దెనిమిదో రోజు ట్రాలీ ఆటోలో పంపించాను. ముహూర్తానికి గోడ మీద ఉంది, అందరూ మెచ్చుకున్నారు. నెల తిరక్కుండానే మళ్లీ ఫోన్ వచ్చింది. వార్నిష్ కింద తెల్లటి పొగలాంటి మరకలు, మధ్యలో సన్నటి పగుళ్లు, ఒక మూల పెచ్చు లేచింది. తప్పు నాదే. డబ్బు తిరిగిచ్చేసి బొమ్మ వెనక్కి తెచ్చుకున్నాను. మందంగా ఉన్నచోట బ్లేడుతో కోసి చూస్తే సంగతి తెలిసింది. పైన రెండు మిల్లీమీటర్లు రాయిలా ఉంది. లోపల ఇంకా జున్నులా మెత్తగా ఉంది.

ఈ పనిని ఉపాధిగా ఎంచుకున్నవాళ్లకీ, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు దీనికిచ్చి రెండు మూడు నెలలకో బొమ్మ అమ్మాలనుకునేవాళ్లకీ నేను చెప్పదలుచుకున్నదంతా ఆ కోతలో కనిపించింది. మనం రోజులు లెక్కపెట్టేది బొమ్మకి. లెక్కపెట్టాల్సింది పొరకి. ఏ పొర ఎన్నాళ్లకి ఆరుతుందో తెలిస్తేనే ఏ తేదీకి ఇస్తామని మాటివ్వచ్చో, ఎంత అడగాలో, ఒకేసారి ఎన్ని బొమ్మలు పట్టుకోవచ్చో తెలుస్తుంది. చెయ్యి తిరగడం సాధనతో వస్తుంది. ఈ లెక్క తెలియక మంచి చెయ్యి ఉన్నవాళ్లు కూడా అప్పుల్లో పడటం చూశాను.

ఆక్రిలిక్ రంగైనా, ఈ పేస్టయినా ఆరడమంటే అందులోని నీరు గాలిలోకి పోవడం, మిగిలిన ప్లాస్టిక్ రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని పొరగా మారడం. పలచగా పూసింది అరగంటలో పొడిబారుతుంది. మందంగా పెట్టిన పేస్ట్‌లో ముందు పైభాగం ఆరుతుంది, ఆ ఆరిన భాగమే లోపలి నీటికి మూత అవుతుంది. అందుకే మందం రెట్టింపైతే సమయం రెట్టింపుతో ఆగదు, ఇంకా చాలా పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల పేస్ట్ లోపలిదాకా ఆరడానికి వారాలు పడుతుంది. గాలిలోనే తేమ నిండిన జూలై, ఆగస్టుల్లో, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఇంకా ఆలస్యం. లోపల తడి ఉండగా పైన వార్నిష్ వేస్తే ఆ తడి ఎటూ పోలేక తెల్లగా పొగచూరినట్టు కనిపిస్తుంది. నా బొమ్మకి జరిగింది అదే.

ఒక విడతకి 2, 3 మిల్లీమీటర్లకి మించి పెట్టకూడదన్న నియమం నాకు ఒక లప్పం మేస్త్రి నేర్పాడు. మా ఇంటి గోడలకి లప్పం పెట్టడానికి వచ్చినాయన, నేను బాల్కనీలో తాపీతో కాన్వాస్ మీద పేస్ట్ రాస్తుంటే కాసేపు నిలబడి చూశాడు. "ఒక్కసారే ఇంత మందం పెడితే పని అయిపోయినట్టే కనిపిస్తదమ్మా. తర్వాత గోడే చెప్తది" అన్నాడు. ఆయన ఏ గోడకైనా రెండు చేతులు పెడతాడు. మొదటి చేయి పూర్తిగా ఆరాక గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము దులిపి, అప్పుడు రెండోది. రుద్దడం ఎందుకని అడిగాను. నున్నగా ఉన్నదాని మీద ఏదీ పట్టుకోదన్నాడు. మన పనిలోనూ అంతే. మెరుస్తున్న జెల్ పొర మీద నేరుగా ఇంకో పొర వేస్తే అంటుకున్నట్టే ఉంటుంది, రెండేళ్ల తర్వాత గోటితో గీరితే పెచ్చుగా వస్తుంది.

లప్పం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. చెక్క అతికించే తెల్ల జిగురు, లప్పం, టాల్కమ్ పౌడర్ కలిపి ఇంట్లోనే పేస్ట్ తయారుచేసే పద్ధతి వీడియోల్లో బాగా తిరుగుతోంది. చెయ్యి కుదురుకోవడానికి, తాపీ ఎలా తిప్పితే ఏ గీత వస్తుందో తెలుసుకోవడానికి అది చాలు. డబ్బు తీసుకునే బొమ్మకి మాత్రం వాడకండి. లప్పం గోడ కోసం చేసింది, గోడ వంగదు. కాన్వాస్ డోలు చర్మంలాంటిది. చేయి తగిలినా, వాతావరణం మారినా కదులుతుంది. కింద బట్ట కదిలి పైన లప్పం కదలకపోతే నెర్రెలు రాక తప్పదు. తెల్ల జిగురుకి తేమ తగిలితే మళ్లీ మెత్తబడే గుణం ఉంది. అవతలివాళ్లు ఏళ్ల తరబడి గోడకి పెట్టుకునే వస్తువులో ఇలాంటివి దాచడం నాకు ధర్మంగా తోచదు.

మందమైన పనికి బట్ట కన్నా పలక నయం. 12 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. పలక బట్టలా కదలదు, పేస్ట్ పగిలే భయం తక్కువ. కాకపోతే దానికి నీరంటే పడదు. అంచుల్లోంచి తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. ముందూ వెనకా, ముఖ్యంగా నాలుగు అంచులూ సీలర్‌తో మూసేశాకే గెస్సో, అంటే రంగు పట్టడానికి ముందుగా వేసే పూత, వేయాలి. ముందువైపే పూసి వెనకవైపు వదిలేస్తే పలక విల్లులా వంగుతుంది. బరువు కూడా లెక్కలో ఉండాలి. 4 బై 5 అడుగుల పలక ఒక్కటే 16, 17 కిలోలు తూగుతుంది, పేస్ట్, రంగులు పడ్డాక 20 దాటుతుంది. దాన్ని రెండో అంతస్తుకి ఎవరు మోస్తారు, గోడకి ఏ మేకు ఆపుతుంది అన్నవి బొమ్మ మొదలుపెట్టకముందే అడగాల్సిన ప్రశ్నలు.

గెస్సో అనే మాట మనకి ట్యూబుల మీద, డబ్బాల మీద పరిచయమైంది గానీ, ఆ పని మనకి పాతదే. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ చిత్రకారులు ఖాదీ బట్టని పటంగా మార్చేటప్పుడు బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల జిగురు, బంక నీళ్లు కలిపి మూడు పూతలు పూస్తారు. ఒక పూత పూర్తిగా ఆరితేగాని రెండోది వేయరు. కథ చెప్పడానికి చుట్ట విప్పి, మళ్లీ చుట్టి, ఊరూరా తిప్పిన పటాలు అవి. అంత తిరిగినా రంగు రాలకపోవడానికి ఈ ఓపిక కూడా ఒక కారణం. నేను ఇప్పుడు ఏ కొత్త బోర్డు మీదైనా గెస్సో మూడు చేతులు వేస్తాను, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, మళ్లీ నిలువుగా. ఒక్కోదానికీ ఒక పూట.

ఇక అసలు బొమ్మ. మా అమ్మమ్మగారి వరండా గోడకి ప్రతి సంక్రాంతికీ సున్నం వేసేవాళ్లు. ఒక ఏడు నీలిమందు కలిపి, ఒక ఏడు పసుపు రంగు కలిపి, ఎవరి పెళ్లికో ఒకసారి లేత ఆకుపచ్చ. చిన్నప్పుడు మంచం మీద పడుకుని గోడని గోటితో గీరితే తెలుపు కింద నీలం, నీలం కింద పసుపు వచ్చేవి. ఎక్కడ ఏ రంగు తేలుతుందో గీరేదాకా తెలియదు, కానీ ఏవో రంగులు ఉన్నాయని మాత్రం తెలుసు. పొరల బొమ్మ వేయడమంటే నాకు ఇప్పటికీ ఆ గోడే. కింద ఏముందో నాకు తెలియాలి. పైన ఎంత దాచాలో, ఎక్కడ గీరి చూపించాలో నేను నిర్ణయించాలి.

అందుకే మొదటి రంగు పొరని పిరికిగా వేయకూడదు. చివరికి బూడిద, తెలుపు రంగుల్లో ఉండబోయే బొమ్మకి కూడా నేను కింద కుంకుమ ఎరుపో, పండు నారింజో నిండుగా పూస్తాను. అది ఆరాక పేస్ట్. తాపీ, పాలెట్ నైఫ్, పాత దువ్వెన, గోనెపట్టా ముక్క, ఎండిన మొక్కజొన్న కండె, ఏదైనా పనిముట్టే. తడి పేస్ట్ మీద గోనెపట్టా ఒత్తి లేపితే వచ్చే నేత ముద్రని చేత్తో ఎవరూ గీయలేరు. ఇక్కడ గడియారం చూసుకోవాలి. పేస్ట్ మీద ముద్ర పడే అనువైన సమయం చాలా చిన్నది. చలికాలంలో ఇరవై నిమిషాలు దొరికితే, విజయవాడ మే నెల మధ్యాహ్నం ఐదు నిమిషాలు కూడా దొరకవు. పైన పొట్టు కట్టేస్తుంది, ఆ తర్వాత గీస్తే చిరిగినట్టు వస్తుంది. ఎండాకాలం నేను పేస్ట్ పని తెల్లవారుజామున ఐదింటికి పెట్టుకుని, ఫ్యాన్ ఆపేసి, బోర్డుని నాలుగు భాగాలు చేసుకుని ఒక్కో భాగం పూర్తిచేసుకుంటూ వెళతాను.

పేస్ట్ ఆరిన తర్వాత ముదురు రంగుని పలచగా చేసి మొత్తం మీద పారించి, రెండు నిమిషాలాగి తడిగుడ్డతో తుడుస్తాను. గుంటల్లో రంగు ఉండిపోతుంది, మిట్టల మీద పోతుంది. అప్పటిదాకా తెల్లటి ముద్దలా ఉన్నది ఒక్కసారిగా ఎండిన చెరువులా, పాత తలుపులా ప్రాణం పోసుకుంటుంది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణం ఇది. అక్కడే ఆగి, ఆ రోజుకి తలుపు వేసుకుని వెళ్లిపోవాలి. ఆ ఉత్సాహంలో తడి మీద ఇంకో రంగు వేస్తే రెండూ కలిసి బురద అవుతాయి. నేను పాడుచేసుకున్న బొమ్మల్లో సగం ఆ ఉత్సాహంలో పోయినవే.

మర్నాడు లేత రంగుని కత్తి అంచున తీసుకుని, దాదాపు ఒత్తకుండా, మిట్టల మీద మాత్రమే తగిలేలా లాగాలి. తర్వాత అక్కడక్కడ నీటి గరుకు కాగితంతో రుద్దితే కింది నారింజ తొంగి చూస్తుంది. ఆ పైన గ్లేజ్, అంటే రంగు తక్కువ, మీడియం ఎక్కువ ఉన్న పారదర్శక పొర. గ్లేజ్ పలచన చేయడానికి నీళ్లే పోసుకుంటూ పోవద్దు. మరీ ఎక్కువైతే రంగుని పట్టి ఉంచే జిగురు బలం తగ్గవచ్చు. ఇంకో సంగతి, ఆక్రిలిక్ తడిలో ఉన్నదానికన్నా ఆరాక ముదురుగా కనిపిస్తుంది. తడిలో పాలలా ఉండే బైండర్ ఆరాక పారదర్శకమవుతుంది కదా, అందుకు. కొనేవాళ్ల సోఫా గుడ్డకి రంగు సరిపోల్చాల్సి వస్తే, అట్ట ముక్క మీద పూసి ఆరబెట్టి దాన్ని పక్కన పెట్టి చూడండి, తడి రంగుని చూసి మాటివ్వకండి.

ఇలా వేసి, తీసి, మళ్లీ వేసే పద్ధతిని మన దేశంలో శిఖరానికి తీసుకెళ్లినవాడు వి. ఎస్. గైతోండే. 1924లో నాగపూర్‌లో పుట్టి, 2001లో పోయాడు. తన బొమ్మల్ని అబ్‌స్ట్రాక్ట్ అనడం ఆయనకి ఇష్టం లేదు, నాన్-ఆబ్జెక్టివ్ అనేవాడు. తైలవర్ణాల్ని రోలర్‌తో పరచడం, పాలెట్ నైఫ్‌తో తీయడం, చించిన కాగితాలతో రంగుని అద్ది లేపడం ఆయన పద్ధతులు. ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని బొమ్మలే వేశాడు. న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియం 2014లో ఆయన బొమ్మలతో పెద్ద ప్రదర్శన పెట్టింది, దానికి పెట్టిన పేరులోనే చిత్రలేఖనం ఒక ప్రక్రియ అన్న మాట ఉంది. నెలకి ఐదు బొమ్మలు తీయాలని తొందరపడేవాళ్లకి నేను ఆయన బొమ్మ ఏదైనా ఒకటి, పెద్ద ప్రింటులో, పది నిమిషాలు చూడమని చెబుతాను. వెలుగు ఏ పొరలోంచి వస్తోందో వెతకమంటాను.

తైలవర్ణాలతో చేసేవాళ్లకి ఒక నియమం తప్పనిసరి. నూనె తక్కువ ఉన్న పొర కింద, ఎక్కువ ఉన్నది పైన. తిరగేస్తే పై పొర ముందు ఆరి, కింది పొర కదిలినప్పుడు పగులుతుంది. ఆక్రిలిక్ మీద తైలవర్ణం వేయవచ్చు, తైలవర్ణం మీద ఆక్రిలిక్ వేయకూడదు.

లోపల ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? నాకు రెండు పద్ధతులున్నాయి. మొదటిది అరచేతి వెనకభాగం ఆనించి చూడటం. నీరు ఇంకా పోతున్నచోట చల్లగా తగులుతుంది. ఇది తొలి సంకేతమే, రుజువుగా చాలదు. రెండోదాన్ని నేను సాక్షి ముక్క అంటాను. బొమ్మ మీద పేస్ట్ పెట్టిన రోజే, అదే డబ్బాలోది, అదే మందంలో, జానెడు పలక ముక్క మీద పెట్టి బొమ్మ పక్కనే ఉంచుతాను. వార్నిష్ వేయాలనుకున్న రోజు దాన్ని బ్లేడుతో కోస్తాను. లోపల కూడా పైనున్నంత గట్టిగా ఉంటేనే ముందుకి. లేకపోతే ఇంకో వారం. పాడైన ఆ మొదటి బొమ్మ తర్వాత సాక్షి ముక్క కోయకుండా నేను ఏదీ బయటికి పంపలేదు. హెయిర్ డ్రయ్యర్ గురించి కూడా అడుగుతారు. పలచటి రంగుకి వాడుకోండి. పేస్ట్‌కి వద్దు. పైభాగాన్ని త్వరగా మూసేసి లోపలి తడిని బంధించడమే అది చేసే పని. తలుపులు తీసి, టేబుల్ ఫ్యాన్‌ని నేరుగా బొమ్మకి కాకుండా గదిలో గాలి కదిలేలా గోడవైపు తిప్పి పెట్టడం మేలు.

ఇలా ఆగాల్సి రావడం ఉద్యోగం చేసుకునేవాళ్లకి కలిసొస్తుందని నా గట్టి నమ్మకం. బ్యాంకులోనో, బడిలోనో, సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో పనిచేసి రాత్రి ఎనిమిదింటికి ఇంటికి చేరినవాళ్లకి ఒక రూపచిత్రాన్ని ఏకబిగిన వేసే సమయం దొరకదు. పొరల బొమ్మకి రోజుకి నలభై నిమిషాలు చాలు, మిగిలిన ఇరవైమూడు గంటలు అది తన పని తాను చేసుకుంటుంది. మూడు నాలుగు బోర్డుల్ని కలిపి నడపండి. ఒకదాని పేస్ట్ ఆరుతుండగా ఇంకోదానికి రంగు, మూడోదానికి గెస్సో. ఒకే బోర్డు ముందు కూర్చుంటే చేతులు ఊరుకోవు, ఆరనిదాన్ని కెలుకుతాయి. నాలుగుంటే ఎప్పుడూ ఏదో ఒకటి ఆరినది సిద్ధంగా దొరుకుతుంది. బోర్డు వెనక పెన్సిలుతో తేదీ, ఏ పొర, ఎంత మందం, ఏ రంగులు, ఏ పాళ్లలో, ఆ రోజు వానా ఎండా అన్నది రాసిపెట్టండి, అదే ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించండి. రెండేళ్ల తర్వాత కొన్నవాళ్లు ఫోన్ చేసి "దీనికి జంటగా ఇంకోటి కావాలి" అన్నప్పుడో, ఇల్లు మారేటప్పుడు మూల విరిగిందన్నప్పుడో ఆ రాత మీ జ్ఞాపకం కన్నా నమ్మకంగా ఉంటుంది.

ఎప్పుడు ఆపాలన్నది అందరూ అడిగే ప్రశ్న. బొమ్మని వారం రోజులు గోడవైపు తిప్పి పెట్టండి. తిరిగి చూసినప్పుడు మొదట కన్ను ఎక్కడ తట్టుకుంటుందో అక్కడే పని మిగిలి ఉంది. ఫోనులో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడటం కూడా మంచిది. రంగులన్నీ ఒకే బూడిదగా కలిసిపోతే, వెలుగునీడల్లో తేడా లేదన్నమాట.

రంగు ట్యూబు మీద చిన్న అక్షరాలు చదివే అలవాటు చేసుకోండి. పేరున్న చిత్రకారుడు మార్క్ రోత్కో 1960ల మొదట్లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం భోజనశాల కోసం పెద్ద బొమ్మలు వేశాడు. వాటిలో లిథాల్ రెడ్ అనే ఎరుపు వాడాడు. పెద్ద కిటికీల్లోంచి పడే ఎండకి ఆ ఎరుపు వెలిసిపోయింది. 1979 నాటికి వాటిని తీసి లోపల దాచాల్సి వచ్చింది. 2014లో మళ్లీ చూపించినప్పుడు, పోయిన రంగుని ప్రొజెక్టర్ వెలుగుతో బొమ్మ మీద పడేలా చేసి అసలు రూపం చూపించారు. అంతటివాడి రంగే నిలవలేదు. మనం వేసేది దక్షిణాది ఎండలు పడే హాళ్ల కోసం. ట్యూబు మీద కాంతికి నిలిచే గుణం ఒకటో, రెండో తరగతిలో ఉందా, ఏ పిగ్మెంటు వాడారు అన్నది చూడండి. పి.ఆర్. 83 అని ఉంటే అది పాత ఎలిజరిన్ క్రిమ్సన్, వెలిసే రకం. వివరం లేని రంగుని అట్ట మీద పూసి, సగం నల్లకాగితంతో మూసి, రెండు ఎండాకాలపు నెలలు కిటికీకి అంటించండి. విప్పి చూస్తే తెలిసిపోతుంది.

ఆరోగ్యం గురించి క్లుప్తంగా చెబుతాను, క్లుప్తమైనా పాటించండి. ఆరిన రంగుని పొడిగా రుద్దకండి, నీళ్లు చల్లి రుద్దండి, మాస్కు పెట్టుకోండి. కాడ్మియం, కోబాల్ట్ రంగుల దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. కుంచెలు కడిగిన నీళ్లని బకెట్లో ఒకరోజు తేర్చి, అడుగున పేరుకున్నదాన్ని కాగితంలో ఆరబెట్టి చెత్తలో వేయండి. వంటింటి సింకులో పోస్తే గొట్టాల్లో ప్లాస్టిక్ పేరుకుంటుంది.

డబ్బు విషయానికి వస్తే, చాలామంది కంటి అంచనాతో ధర చెప్పి నష్టపోతారు. ఒక చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు మందం అంటే సరిగ్గా 1 లీటరు పేస్ట్. 4 బై 5 అడుగులంటే 1.86 చదరపు మీటర్లు. సగటున 3 మిల్లీమీటర్ల మందం కావాలంటే ఐదున్నర లీటర్ల పైన పడుతుంది. డబ్బా ధరతో గుణించండి. ఆ ఒక్క లెక్కతో మీరు చెప్పబోయిన ధర మారిపోవచ్చు. దానికి పలక, గెస్సో, రంగు, వార్నిష్, మోసే కూలి, ఆ బోర్డు మీ గదిలో చోటు ఆక్రమించే వారాలు కలపండి. చివరిది ఎవరూ కలపరు. ఆ చోటులో ఇంకో బొమ్మ పెట్టలేరు కాబట్టి దానికీ విలువ ఉంది.

ఆర్డర్ తీసుకునేటప్పుడు అడుగు బై అడుగు నమూనా పలక ఒకటి చేసి ఇచ్చి, దాని మీద ఒప్పుకోలు తీసుకోండి. నమూనాకి విడిగా డబ్బు తీసుకోండి. సగం అడ్వాన్సు లేకుండా పెద్ద పలక కొనకండి. కాగితం మీద నాలుగు వాక్యాలైనా రాసుకోండి, అందులో కాపీరైట్ మాట తప్పనిసరిగా ఉండాలి. కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు అడిగి డబ్బిచ్చి వేయించుకున్న బొమ్మకి, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, కాపీరైట్ మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్లే. ముందు మీ ఇష్టంతో వేసుకుని తర్వాత అమ్మినదానికి ఇది వర్తించదు, అక్కడ హక్కు మీదే. ఆర్డరు బొమ్మని ప్రింట్లు వేసి అమ్మాలన్నా, క్యాలెండర్‌కి ఇవ్వాలన్నా, హక్కు చిత్రకారుడిదే అన్న ఒక్క వాక్యం ముందే రాసుకుని ఉండాలి. చిన్న కాగితమే. బొమ్మ పూర్తయ్యాక రాయించుకోవడం కష్టం.

పంపించేటప్పుడు బబుల్ ర్యాప్‌ని నేరుగా బొమ్మకి తగిలించకండి. ఆక్రిలిక్ వేడికి కాస్త మెత్తబడుతుంది. ఎండలో లారీలో రెండు రోజులు ప్రయాణిస్తే ఆ బుడగల గుండ్రటి ముద్రలు బొమ్మ మీద పడిపోతాయి. నాలుగు మూలలా చెక్క ముక్కలు బిగించి, ముందుభాగానికి ఏదీ తగలకుండా డబ్బా చేయించండి. మందమైన టెక్స్చర్ ఉన్న కాన్వాస్‌ని ఎట్టి పరిస్థితుల్లోనూ చుట్టకండి.

ఇక గృహప్రవేశం. ముహూర్తం జరపమని మనం అడగలేం, పొరని త్వరగా ఆరమనీ అడగలేం. చాలా ఏళ్లు ఈ రెంటి మధ్యా నలిగాను. కొత్త ఇంట్లో బొమ్మ పెట్టడానికి వెళ్లిన ఒక రోజు గోడ మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. నా బోర్డుల మీద ఎన్నిసార్లు చూసిన చల్లదనమో అది. కొత్త ప్లాస్టరింగ్‌లో నెలల తరబడి తేమ ఉంటుంది. ఆ గోడకి వెనక సందు లేకుండా ఎం.డి.ఎఫ్. పలక ఆనిస్తే వెనకనుంచి ఉబ్బుతుంది. పైగా ఆ రోజు హాల్లో హోమం. నెయ్యి, సమిధల పొగ గంటల తరబడి. ఆ మసి టెక్స్చర్ గుంటల్లో కూర్చుంటే తుడవడం ఎవరి తరమూ కాదు.

అప్పటినుంచి ముహూర్తం చెప్పి ఫోన్ చేసినవాళ్లకి ఈ రెండు సంగతులూ చెబుతాను. ఆ రోజుకి నమూనా పలకని చిన్న ఫ్రేములో పెట్టి ఇస్తాను, వచ్చినవాళ్లకి చూపించుకోవచ్చు. పెద్దది మూడు నెలల తర్వాత, గోడకీ బొమ్మకీ మధ్య అంగుళం సందు వదిలి నేనే వచ్చి బిగిస్తాను. కొందరు ఒప్పుకోరు, వేరేవాళ్ల దగ్గరికి వెళతారు. మొన్న ఫాల్గుణంలో ఒకాయన అలాగే ఫోన్ పెట్టేయబోతుంటే, వెనక నుంచి వాళ్ల అమ్మగారి గొంతు వినిపించింది. "కొత్త గోడ కదరా, తడి ఆరనీ. శ్రావణంలో తగిలించుకుందాం."

శ్రావణంలో ముసురుంటుంది, వార్నిష్ కొట్టడం కుదరదు. దసరాకి ఇస్తానని చెప్పాను. ఆవిడ సరేనంది.